డౌట్ల బల్ల దగ్గర సులభా మేడం

కొల్హాపూర్ రాజారాంపురిలో, మందుల దుకాణం మీద రెండో అంతస్తులో నడిచే కంప్యూటర్ క్లాసులకు వచ్చేవాళ్లలో సులభా ఖరాడే అనే పేరు తెలిసినవాళ్లు తక్కువ. అందరికీ ఆమె డౌట్ల మేడం. మెట్లెక్కగానే ఎడమచేతి పక్క, కిటికీ కింద ఆమె బల్ల ఉండేది. పాఠాలు చెప్పేవాళ్లు వేరు. పాఠం అర్థమైందనుకుని ఇంటికెళ్లి కూర్చున్నాక ఏదీ నడవనివాళ్లు మర్నాడు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని ఆమె ముందుకు వచ్చేవాళ్లు.

"మేడం, పేజీ తెల్లకాగితంలా వస్తోంది."

"మేడం, బటన్ నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు."

"మేడం, నిన్నటిదాకా నడిచింది. నేను అసలేమీ ముట్టుకోలేదు."

ఈ ఆఖరి మాట విన్నప్పుడు మాత్రం ఆమె నవ్వేది. "నువ్వు ముట్టుకోకపోతే దానికి దిష్టి తగిలిందా బాళా? కూర్చో. ఏమేం ముట్టుకోలేదో ఒక్కొక్కటీ చూపించు."

నలభై మూడేళ్ల మనిషి. పెళ్లి చేసుకోలేదు. అన్న పోయాక అతని భార్య కమల్ వహినీతో కలిసి మంగళవార్ పేఠ్‌లో రెండు గదుల ఇంట్లో ఉండేది. అంతకుముందు పన్నెండేళ్లు ఒక చక్కెర కర్మాగారంలో చెరకు బళ్ల తూకం చీటీలు కంప్యూటర్లో ఎక్కించింది. ఆ పనిలో ఉండగానే, ముప్పై నాలుగో ఏట, వెబ్‌సైట్లు ఎలా తయారవుతాయో తెలుసుకోవాలని బుద్ధి పుట్టింది. చెప్పేవాళ్లు లేరు. ఇంటర్నెట్లో వెతికి, చదివి, తానే మొదలుపెట్టింది. మొదటి నెలలోనే ఒకచోట ఇరుక్కుపోయింది. నాలుగు రోజులు తిండి సయించలేదు. చివరికి ధైర్యం చేసి, ప్రోగ్రామర్లు ఒకరినొకరు ప్రశ్నలడిగే ఒక వెబ్‌సైట్లో తన గోడు రాసుకుంది. గంటలో జవాబు వచ్చింది. ఈ మాత్రం కూడా తెలియనివాళ్లు ఇక్కడికి రాకూడదని దాని సారాంశం. కింద పదిమంది నవ్వుముఖాలు పెట్టారు.

తప్పేమిటో తర్వాత తానే కనిపెట్టింది. ఒకచోట తెరిచిన కొటేషన్ గుర్తు మూయడం మరిచిపోయింది, అంతే. కానీ ఆ నవ్వుముఖాలు ఆమె లోపల ఎక్కడో ఉండిపోయాయి. డౌట్ల బల్ల దగ్గర చేరాక ఎంత చిన్న ప్రశ్న వచ్చినా ఎవరినీ చిన్నబుచ్చలేదు. జవాబు కూడా వెంటనే చెప్పేది కాదు. ముందు మూడు ప్రశ్నలు వేసేది. ఏం రావాలనుకున్నావు? ఏం వచ్చింది? చివరిగా ఏం మార్చావు? ఈ మూడింటికీ నిదానంగా జవాబు చెప్పేలోపు సగంమందికి తమ తప్పు తమకే కనిపించేది. "అరె, దొరికింది మేడం!" అని లేచిపోయేవాళ్లు. అలా లేచిపోయినప్పుడు ఆమెకు కలిగే సంతోషం మరి దేనికీ కలిగేది కాదు.

ఆ ఏడాది మార్చిలో క్లాసుల యజమాని విశ్వాస్ రణవరే గోడకు ఒక ఎర్ర అక్షరాల బోర్డు కొట్టించాడు. ‘మీ డౌట్‌కు అయిదు నిమిషాల్లో జవాబు’. పక్క గల్లీలో కొత్తగా వేరే క్లాసులు వెలిశాయి. వాళ్లు పది నిమిషాలంటున్నారట.

"అయిదు నిమిషాల్లో సమస్య ఏమిటో వాళ్లకే చెప్పడం రాదు సర్," అంది సులభా.

"మీరు మరీ లాగుతారు మేడం. వాళ్లతో అన్నీ చెప్పించుకుంటూ కూర్చుంటారు. తప్పెక్కడుందో మీకు చూడగానే తెలుస్తుంది కదా? చెప్పేసి పంపేయండి," అన్నాడు రణవరే. మర్నాడు టోకెన్ల యంత్రం వచ్చింది. బల్ల మీద గడియారం వచ్చింది. సాయంత్రానికి నలభై టోకెన్లు. నెల తిరిగేసరికి ఆమె ఆ మూడు ప్రశ్నల్లో రెండింటిని వదిలేసింది. మరికొన్నాళ్లకు మూడోది కూడా అడగడం మానేసింది. సమస్య చూడగానే తెలిసేది నిజమే. ఎక్కువసార్లు సరిగ్గానే తెలిసేది.

ధైర్యశీల్ మోరే ఆమె దగ్గరికి వచ్చింది జూన్ మొదట్లో. ముప్పై ఎనిమిదేళ్లవాడు. శిరోలీలో ఇనుప పోత కర్మాగారంలో పదహారేళ్లు లేత్ మిషన్ మీద పనిచేశాడు. అది మూతపడ్డాక, మేనల్లుడి మాట విని ఈ క్లాసుల్లో చేరాడు. ఇరవై ఏళ్ల పిల్లల మధ్య వెనక బెంచీలో కూర్చునేవాడు. పేరుకు ధైర్యశీల్, నోరు తెరవాలంటే మాత్రం భయం. మందపాటి వేళ్లు కీబోర్డు మీద ఒక్కొక్క అక్షరాన్నీ వెతుక్కునేవి. కానీ రాసిన ప్రతి వరుస పక్కనా ఇది ఎందుకు రాశానన్నది తన కోసం ఒక చిన్న మాటగా రాసిపెట్టుకునే అలవాటు. కర్మాగారంలో షిఫ్టు మారేటప్పుడు తర్వాతివాడి కోసం అలాగే రాసిపెట్టేవాడట.

"మేడం, ఇందులో రోగి పేరు రాసి, తేదీ, వేళ ఎంచుకోవాలి," అని స్క్రీన్ ఆమె వైపు తిప్పాడు. "ఆ వేళకి ఇంకెవరైనా ఉంటే వద్దనాలి. కానీ ఎవరూ లేకపోయినా వద్దంటోంది. జూన్ అయిదుకి పెడితే ‘ఖాళీ లేదు’ అంటోంది. ఇరవైకి పెడితే మాత్రం తీసుకుంటోంది. నాకేం అంతు పట్టడం లేదు."

గడియారంలో రెండు నిమిషాలు మిగిలాయి. గుమ్మం దగ్గర పదకొండుమంది నిలబడి ఉన్నారు. ఆమెకు పొద్దుటినుంచి తల పగిలిపోతోంది.

"ఇది మీ ప్రాజెక్టేనా?"

"అవును మేడం. రేపు చూపించాలి."

"అయితే ఖాళీ ఉందో లేదో చూసే ఈ తనిఖీ ఉంది చూశారా, ఈ నాలుగు వరుసలు, ప్రస్తుతానికి తీసేయండి. రేపు చూపించేయండి. తర్వాత తీరిగ్గా చూద్దాం."

"తీసేస్తే ఏమీ కాదా మేడం?"

"చూపించడానికేగా. ఏమీ కాదు."

మోరే చేతులు జోడించి వెళ్లిపోయాడు. రెండు రోజుల తర్వాత మళ్లీ వచ్చాడు. టోకెన్ పట్టుకుని గంటన్నర నిలబడి, ఆమె ముందు కూర్చున్నాడు.

"ఏం మోరే, నడుస్తోందా?" అంది ఆమె, తల ఎత్తకుండానే.

"నడుస్తోంది మేడం. చూసి మెచ్చుకున్నారు. కానీ మొన్న మీరు తీసేయమన్నది..."

"నడుస్తుంటే ఇంక డౌటేంటి దాదా? నడవనివాళ్లు ఎంతమంది నిలబడి ఉన్నారో చూడండి. తర్వాతి నంబరు!"

అతను లేచాడు. మళ్లీ ఆ విషయం అడగడానికి రాలేదు.

జూలైలో వానలు పట్టుకున్నాయి. పంచగంగ నది ఒడ్డు దాటి రోడ్ల మీదికి వచ్చింది. ఒక సోమవారం పొద్దున రణవరే ఆమెను గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"ఊరి చివర ధర్మానికి నడిపే డయాలిసిస్ కేంద్రం ఉంది కదా, డాక్టర్ ఘాట్గే బాయీది. అక్కడ పేర్లు రాసుకునే వెబ్‌సైట్ మన మోరే చేశాడట. ఇప్పుడేదో గోల అయింది. వాడి సర్టిఫికెట్ మీద మన పేరుంది కదా, నాకు ఫోన్ చేసి చెడామడా తిట్టింది. మీరు వెళ్లి చూసి, తప్పు వాడిదే, మనది కాదని చెప్పి రండి."

సులభా గొడుగు వేసుకుని ఆటోలో వెళ్లింది. దారిలో ఆమెకు ఏమీ గుర్తుకు రాలేదు. రోజుకు నలభై డౌట్లు చూసే మనిషికి నెలన్నర కిందటి ఒక డౌటు ఎక్కడ గుర్తుంటుంది?

కేంద్రంలో నాలుగు యంత్రాలున్నాయి. నాలుగింటి పక్కనా రక్తం శుద్ధి చేయించుకుంటూ మనుషులు కళ్లు మూసుకుని పడుకున్నారు. డాక్టర్ మాలతీ ఘాట్గే అరవై దాటిన మనిషి. కూర్చోమనలేదు. జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పింది.

రాధానగరి వైపు పల్లె నుంచి గణపత్ సుతార్ అనే ముసలాయన వారానికి రెండుసార్లు వస్తాడు. అందరూ తాత్యా అంటారు. వడ్రంగి. పోయిన గురువారం ఆయన వచ్చేసరికి ఆయన వేళకే, అదే యంత్రానికి ఇంకొకరి పేరు కూడా ఉంది. వానలో బస్సు ఆలస్యమై తాత్యా వెనక వచ్చాడు. ముందొచ్చినామెను పడుకోబెట్టి, ఆయన్ని శనివారం రమ్మన్నారు. శనివారం మళ్లీ అదే జరిగింది. సోమవారం రమ్మన్నారు. ఆదివారం తెల్లవారుజామున ఊపిరాడక పడిపోయాడు. ఇప్పుడు పెద్దాసుపత్రిలో ఉన్నాడు.

"రెండుసార్లూ నేను లేను. ఉంటే పంపనిచ్చేదాన్ని కాదు," అంది డాక్టరమ్మ. "మా గుమస్తాకి కంప్యూటర్ ఏం చెబితే అదే వేదం. మోరేని పిలిచి అడిగితే ‘తప్పు నాదే బాయీ’ అని ఒక్కటే మాట. ఏం తప్పని అడిగితే చెప్పడు. మీరైనా చూసి చెప్పండి."

సులభా కంప్యూటర్ ముందు కూర్చుని కోడ్ తెరిచింది. ప్రతి వరుస పక్కనా చిన్న చిన్న మాటలు. పేరు ఖాళీగా ఉంటే ఆపడానికి. ఫోన్ నంబరు పది అంకెలు ఉండాలి కనుక. చదువుతూ చదువుతూ ఒకచోటికి వచ్చింది. అక్కడ నాలుగు వరుసలు ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఆ పక్కన ఇలా ఉంది: ‘ఖాళీ ఉందో లేదో చూసే తనిఖీ. మేడం చెప్పారు, ప్రస్తుతానికి తీసేశాను. రేపు అడగాలి.’

దాని కింద ఇంకో వరుస, రెండు రోజుల తర్వాతి తేదీతో: ‘అడగడానికి వెళ్లాను. నడుస్తుంటే చాలన్నారు.’

ఆమె ఆ రెండు వరుసలూ మళ్లీ చదివింది. గోడ అవతల యంత్రాలు గుయ్యిమంటున్నాయి. అయిదుకు వద్దంటోంది, ఇరవైకి తీసుకుంటోంది. ఆ మాట అతను ఆ రోజే చెప్పాడు. అందులోనే అంతా ఉంది. తేదీ ముందు రాసి, నెల తర్వాత రాస్తే, ఆ తనిఖీ నెలను ముందు చదువుకుంటోంది. జూన్ అయిదు దానికి మే ఆరు. పాత నోటుపుస్తకం నుంచి ఎక్కించిన పేర్లలో మే ఆరున ఎవరో ఉన్నారు, కనుక ఖాళీ లేదంది. ఇరవయ్యో నెల ఎక్కడా ఉండదు కనుక ఇరవయ్యో తేదీని మాత్రం సరిగ్గా చదువుకుంది. ఏయే తేదీలకు ఇలా వస్తోందని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే రెండు నిమిషాల పని. సరిచేయడానికి ఇప్పుడు ఆమెకు అంతే పట్టింది.

లేచి డాక్టరమ్మ గదిలోకి వెళ్లింది.

"బాయీ, ఇది మోరే తప్పు కాదు. తీసేయమని చెప్పింది నేను. తర్వాత అడగడానికి వస్తే వినకుండా పంపేసింది కూడా నేనే. అతను అంతా రాసిపెట్టాడు. కావాలంటే చూడండి."

డాక్టరమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది నిజంగా రోగుల కోసం వాడతారని మీకు తెలుసా?"

"తెలియదు. అడగలేదు."

"అడగలేదు," అని ఆ మాటే మళ్లీ అంది డాక్టరమ్మ. కోపంగా కాదు, అలసిపోయినట్టు. "నేను కూడా అడగలేదు. ఇంత పని మొదటిసారి చేస్తున్నవాడి చేతిలో పెట్టి, సరిచూసేవాళ్లెవరున్నారని అడగలేదు. వెళ్లండి మేడం. రేపటినుంచి మళ్లీ నోటుపుస్తకంలో రాసుకుంటాం."

"సరిచేశాను బాయీ. ఇప్పుడు సరిగ్గా..."

"వద్దు."

రణవరేకు ఈ సంగతి సాయంత్రానికే తెలిసింది. అతను అరవలేదు. అరిచి ఉంటే బాగుండునని ఆమెకు తర్వాత అనిపించింది.

"ఏం చెప్పి రమ్మన్నాను, ఏం చెప్పి వచ్చారు మేడం? ఎవరూ మిమ్మల్ని అడగలేదు. మోరే కూడా మీ పేరెత్తలేదు. ఈ హరిశ్చంద్ర వేషం ఎవరి కోసం?"

"అతను రాసిపెట్టాడు సర్."

"చెరిపేయాల్సింది. ఒక్క వరుస!" అన్నాడు రణవరే, నిజంగానే అర్థంకానట్టు చూస్తూ. "ఈ నెలతో ఆపేద్దాం. మీకూ మనశ్శాంతి, నాకూ."

ఆమె నెలాఖరు దాకా కూడా వెళ్లలేదు.

ఆ ఆదివారం ఉచ్‌గావ్‌లో మోరే ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. రేకుల కప్పు మీద వాన కొడుతోంది. అతని భార్య తలుపు తీసి, లోపలికి చూసి, "మీ మేడం వచ్చింది," అంది. ఆ గొంతులో మర్యాద లేదు. మోరే బనీను మీద చొక్కా తొడుక్కుంటూ వచ్చి, ఉన్న ఒక్క కుర్చీ తుడిచి వేశాడు. తాను గడపలో కూర్చున్నాడు.

"నా పేరు ఎందుకు చెప్పలేదు మోరే?"

"చెబితే ఏమవుతుంది మేడం? రాసింది నా చేత్తో. లేత్ మీద ముక్క తప్పుగా కోస్తే, ఫోర్‌మన్ చెప్పాడంటే ఎవరైనా వింటారా?"

"నేను డాక్టరమ్మకు చెప్పేశాను."

అతను ముఖం ఎత్తి చూశాడు. సంతోషించలేదు. "ఇంతకీ ఏమిటి మేడం అది? ఎందుకు వద్దనేది?" అని అడిగాడు.

ఆమె చెప్పింది. తేదీ, నెల తారుమారు కావడం. మే ఆరు, జూన్ అయిదు. అతను వేలితో నేల మీద అంకెలు రాసుకుని చూసుకున్నాడు.

"అంతేనా?"

"అంతే."

"నేను రెండు రాత్రులు కూర్చున్నాను దాని మీద. అన్నీ చూశాను, ఇది చూడలేదు." కళ్లు తుడుచుకున్నాడు. "తాత్యాని నేను చూశాను మేడం. చూపించడానికి వెళ్లిన రోజు అక్కడే ఉన్నాడు. ‘కంప్యూటర్లో నా పేరు చూపించు బాళా’ అంటే చూపించాను. తన పేరు చూసుకుని ఎంత మురిసిపోయాడో."

లోపల భార్య గిన్నెల చప్పుడు పెంచింది. సులభా లేచింది.

"క్లాసులకు మళ్లీ వెళ్లండి. అక్కడ కాకపోతే మా ఇంటికి రండి. నేను చెప్తాను. మీరు బాగా రాస్తారు మోరే. మీలా రాసేవాళ్లను నేను చూడలేదు."

"వద్దు మేడం. ల్యాప్‌టాప్ మేనల్లుడికి ఇచ్చేశాను. శిరోలీలో ఇంకో కర్మాగారంలో కాంట్రాక్టు మీద తీసుకుంటామన్నారు. ఇనుమైతే తప్పు కోసినప్పుడు అక్కడే కనపడుతుంది. ఎవరినీ బస్సెక్కించి వెనక్కి పంపదు."

తాత్యా పన్నెండు రోజుల తర్వాత ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాడు. గుండె బాగా దెబ్బతిన్నదని, ఎప్పటినుంచో బలహీనంగా ఉన్నదేనని, ఆ రెండు రోజులు తప్పకపోయినా ఏదో ఒకనాడు ఇలాగే అయ్యేదేమోనని అక్కడి డాక్టర్లన్నారు. ఆ ‘ఏమో’ సులభాను పట్టుకుని వదల్లేదు. పూర్తిగా తన వల్లే అయి ఉంటే ఏడ్చి ఉండేది. కాకపోయి ఉంటే ఊపిరి పీల్చుకునేది. రెండూ కాకపోవడంతో అన్నం ముందు కూర్చుని, జొన్న భాకరీ ముక్క తుంచి, అలాగే పట్టుకుని ఉండిపోయేది.

"తిను," అనేది కమల్ వహినీ. "మీ అన్న పోయినప్పుడు కూడా ఇలాగే కూర్చున్నావు. ఏం, తిరిగొచ్చాడా?"

చివరికి ఒకరోజు రాధానగరి బస్సెక్కి ఆ పల్లెకు వెళ్లింది. తాత్యా లోపలి గదిలో నిద్రపోతున్నాడు. వసారాలో సగం చెక్కిన తలుపు రెక్క గోడకు చేరేసి ఉంది. ఆయన భార్య హౌసాబాయి ఆమెను చాప మీద కూర్చోబెట్టి టీ ఇచ్చింది. సులభా జరిగిందంతా చెప్పింది. ఎంత సులువుగా చెప్పాలన్నా ఆ ముసలామెకు అర్థం కాలేదు.

"కంప్యూటర్ తప్పు చేసిందన్నారు కదా?"

"కంప్యూటర్ కాదు కాకూ. నేను చేశాను."

"నీకు మా ఆయన తెలుసా?"

"తెలియదు."

"తెలియని మనిషికి కావాలని చెరుపు ఎవరు చేస్తారు బాళా? చహా తాగు, చల్లారిపోతోంది." తర్వాత తనలో తాను అనుకుంటున్నట్టు అంది: "ఆ శనివారం వచ్చేటప్పుడు బస్సులో చోటు దొరకలేదు. నిలబడే వచ్చాడు. కాళ్లు ఇంతింత లావు వాచి ఉన్నాయి. ఎవరైనా లేచి చోటిచ్చి ఉంటే బాగుండేది."

సులభా చహా తాగింది. తాత్యా లేచేలోపే బయల్దేరింది. ఆయన ముఖం చూసే ధైర్యం లేకపోయింది.

శ్రావణమాసం చివరి వారంలో తాత్యా పోయాడు. డాక్టర్ ఘాట్గే ఫోన్ చేసి చెప్పింది. అప్పటికే మూడు రోజులైంది. "మీకు చెప్పాలో వద్దో తెలియలేదు," అంది. తర్వాత డాక్టరమ్మే పెట్టేసింది.

ఇప్పుడు సులభా ఒక వకీలు ఆఫీసులో దస్తావేజులు టైపు చేస్తుంది. పది గంటలకు వెళ్లి ఆరు గంటలకు వస్తుంది. అక్కడ ఆమెను ఎవరూ ఏమీ అడగరు. రాసిచ్చింది టైపు చేసిస్తే చాలు. తన స్థానంలో రణవరే ఎవరో పాతికేళ్ల అమ్మాయిని పెట్టాడని, ఆ అమ్మాయి రోజుకు అరవై టోకెన్లు లాగించేస్తుందని పాత విద్యార్థులు చెప్పారు. వాళ్లలో కొందరు ఇప్పటికీ ఫోన్ చేస్తారు. "మేడం, ఒక్క చిన్న డౌటు" అని మొదలుపెడతారు. ఆమె వాళ్లు చెప్పేదంతా అడ్డం రాకుండా వింటుంది. విని, "ఇప్పుడు నేను ఆ పని చేయడం లేదు బాళా," అని పెట్టేస్తుంది. తర్వాత పొయ్యి మీద కూర మాడుతున్నా తెలియకుండా అక్కడే నిలబడి, ఆ పిల్లవాడి పేజీలో ఎక్కడ ఏం తప్పి ఉంటుందా అని ఆలోచిస్తూ ఉండిపోతుంది. వహినీ వచ్చి గిన్నె దింపుతుంది.